గానుగ నూనెకి నాలుగున్నర, గోడ మీది పటానికి సున్నా

మారతహళ్ళి వంతెన దిగి మున్నేకొళాల వైపు తిరిగితే రోడ్డుకి రెండు పక్కలా తెలుగు బోర్డులే. రెండు మెస్సులు, చీరలకి ఫాల్ కుట్టే కొట్టు, ఒక పిండిమర దాటాక సందులో ఉంటుంది ఈ గానుగ కొట్టు. పేరు రాయను. పొగడాల్సిందీ ఉంది, తిట్టాల్సిందీ ఉంది. పేరు రాస్తే జనానికి రెండోదే గుర్తుంటుంది. పొద్దున పదకొండు గంటలప్పుడు ఆ సందు మొదట్లో నిలబడితే ముక్కే దారి చూపిస్తుంది లెండి.

నాది అనంతపురం. ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యాను. మనవరాలు పుట్టినప్పుడు బెంగుళూరు వచ్చి, ఇక్కడే నాలుగేళ్ళుగా ఉండిపోయాను. శెనక్కాయల జిల్లాలో పుట్టినదాన్ని, ప్యాకెట్ నూనె కత్తిరించి పోసుకోవడం మొదట్నుంచీ నామోషీగానే ఉండేది. మా చిన్నప్పుడు నూనె కొనేది కాదు, ఆడించేది. మా నాయన విత్తనాల మూట ఎత్తుకుని ఎద్దు గానుగకి పోతుంటే ఎనకాలే పోయి, గానుగ మాను మీద కూర్చుని ఎద్దుతోపాటు తిరిగేదాన్ని. నూనె పిండాక మిగిలే వేడివేడి శెనగ చెక్క ముక్క నోట్లో వేసుకుని, అది కరిగేదాకా నమిలేదాన్ని.

ఈ ఊరికీ గానుగ కొత్తేమీ కాదు. పాత పేటలో నూనె తీసేవాళ్ళ పేరు మీద గాణిగరపేటె అని ఒక పేటే ఉంది. కార్తీకం ఆఖరి సోమవారం బసవనగుడిలో దొడ్డ బసవణ్ణ గుడి దగ్గర కడలెకాయి పరిషె జరుగుతుంది. రోడ్డు పొడుగునా శెనక్కాయల కుప్పలే. పోయిన కార్తీకంలో అక్కడ ఒక సేరు కాయలు కొనుక్కుని నడుస్తూ ఒలుచుకు తింటుంటే, ఇంత మంచి కాయ దొరికే ఊళ్ళో ఆ నీళ్ళలాంటి నూనె ఎందుకు తింటున్నానా అనిపించింది. ఆ వారమే మా తమ్ముడికి ఫోన్ చేసి పది కిలోల విత్తనాలు పంపించమన్నాను.

కొట్టాయనది కదిరి పక్క పల్లె. నలభై ఏళ్ళుంటాయి. నేను మూట దించగానే గుప్పెడు తీసి, ఒక గింజ పంటికింద కొరికి, "అనంతపురం కాయే మ్మా, కానీ ఇంకా రెండు దినాలు ఎండల్ల" అన్నాడు. డబ్బులొస్తున్నాయి కదా అని అట్లాగే రోట్లో పోసెయ్యలేదు. అక్కడే నాకు నచ్చాడు. ఎండబెట్టి మళ్ళీ తీసుకెళితే పది కిలోలకి నాలుగు లీటర్లకి కొంచెం తక్కువ నూనె వచ్చింది, ఆరు కిలోల పైన చెక్క వచ్చింది. ఆడించే కూలి కిలోకి 25 రూపాయలు. విత్తనం మనది కాకపోతే లీటరు 380. ఖరీదే. కానీ లీటరు నూనెకి రెండున్నర కిలోల మంచి విత్తనం పోతుంది, లెక్క వేసుకోండి. ఎక్కడైనా గానుగ శెనగనూనె లీటరు 220కి ఇస్తామంటే, అందులో శెనగ ఎంతో గానుగ ఎంతో వాళ్ళనే అడగండి.

కొట్లో మూడు గానుగలు. ఎద్దుల్లేవు, మోటారే. రోలు మాత్రం దిరిసెన కర్రదని చెప్పాడు; చేత్తో తట్టి చూశాను, నమ్మాను. నన్ను నిలబెట్టింది అది కాదు. వెనక గదిలో గోనెపట్టా మీద ఇద్దరాడవాళ్ళు చాటలు పెట్టుకుని ఒక్కొక్క గింజా ఏరుతున్నారు. ముడతపడినవి, నల్లబడినవి, బూజు తగిలినవి ఒక డబ్బాలోకి పోతున్నాయి. "ఒక్క బూజు గింజ పడినా నూనె చేదొస్తాది మ్మా" అన్నాడాయన. చేదు సంగతి సరే. శెనక్కాయకి పట్టే ఆ పచ్చటి బూజు, ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్, అఫ్లటాక్సిన్ అనే విషం చేస్తుంది. అది కాలేయానికి కాన్సర్ తెస్తుంది. పెద్ద ఫ్యాక్టరీలో క్షారం వేసి నూనె శుద్ధి చేసేటప్పుడు అది చాలావరకు పోతుంది. గానుగలో ఆ వడపోత లేదు, నూనెలోకి దిగినదంతా మన బాణట్లోకి వస్తుంది. కాబట్టి ఏ గానుగ కొట్టుకి పోయినా ముందు వెనక గదిలో చాట ఉందో లేదో చూడండి.

నూనె సంగతి. మొదటి రెండు రోజులు మబ్బుగా ఉంటుంది, మడ్డి దిగాక తేనె రంగుకి వస్తుంది. వడలు వేస్తే నురగ లేస్తుంది, భయపడకండి. బాణలి నిండా పోయకండి, అంతే. ఆ నూనెలో చేసిన ఉగ్గాణి మా అల్లుడు మూడుసార్లు పెట్టించుకున్నాడు. ఆయన నెల్లూరు మనిషి, మా రాయలసీమ తిండిని పొగిడే రకం కాదు.

ఇప్పుడు గోడ దగ్గరికి వద్దాం.

గల్లాపెట్టె వెనక నాలుగడుగుల ఫ్లెక్సీ. ఎడమ పక్క ఆకుపచ్చలో 'మంచి కొవ్వులు', కుడి పక్క ఎర్రటి ఎరుపులో 'చెడ్డ కొవ్వులు'. మంచి వైపు ఒలీయిక్, లినోలీయిక్, లినోలెనిక్ అనే కొవ్వు ఆమ్లాలు, అంటే కొవ్వుని కట్టే ఇటుకలు. చెడ్డ వైపు పామిటిక్, స్టియరిక్, లారిక్, పక్కన ఒక గుండె బొమ్మ కన్నీరు కారుస్తూ. కింద పెద్దక్షరాలతో 'మా నూనెల్లో కొలెస్ట్రాల్ సున్నా'. శాకాహార హోటలు వాడు 'మా సాంబార్లో చేపముళ్ళు ఉండవు' అని రాసుకున్నట్టుంది. ఏ గింజ నూనెలోనైనా కొలెస్ట్రాల్ ఉందో లేదో అన్నంత తక్కువే, అది జంతువుల సరుకు. ఇంకా కింద 'వేరుశెనగలో అరాకిడోనిక్ ఆమ్లం కలదు' అని ఉంది. అది చూసి నా చెయ్యి ఎర్రపెన్ను కోసం వెతుక్కుంది. వేరుశెనగలో ఉండేది అరాకిడిక్. శెనక్కాయ శాస్త్రీయ నామం అరాకిస్ హైపోజియా, దాన్నుంచే ఆ పేరు. అరాకిడోనిక్‌లోనూ కార్బన్లు ఇరవయ్యే, కానీ ఆ కార్బన్ల గొలుసులో నాలుగు చోట్ల జంట బంధాలు, అంటే రెండేసి ముడులు, ఉన్న వేరే ఆమ్లం; అది మాంసంలో, గుడ్డులో, మన ఒంట్లో ఉంటుంది, శెనక్కాయలో ఉండదు. పేర్లు తోబుట్టువుల్లా ఉన్నాయని మనుషుల్ని మార్చేస్తే ఎట్లా?

"ఈ పటం ఎవరు రాసిచ్చినారు నాయనా?" అని అడిగాను.

"ఫ్లెక్సీ వాళ్ళే నెట్లో చూసి ఏసినారు మ్మా. శానా మంది ఫోటో తీసుకుంటాండారు."

అదే నా బాధ. ఫోటో తీసుకున్నవాళ్ళలో మా పై అంతస్తు అమ్మాయి ఒకతె. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎర్ర వరస చూసి బెదిరిపోయి, కొన్నాళ్ళకి ఏ నూనె అయినా ఒకటేలే అని మొత్తానికే మానేసింది. "ఆంటీ, నాది జీరో ఆయిల్" అని గర్వంగా చెప్పింది. కూర్చోబెట్టి ఎలుకల కథ చెప్పాను. 1929లో అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ అనే భార్యాభర్తలు ఎలుకలకి అన్నీ పెట్టి కొవ్వు ఒక్కటే తీసేశారు. అప్పటికి కొవ్వంటే పొయ్యిలో కట్టెలాంటిదనే అనుకునేవాళ్ళు. కాలితే వేడి, లేకపోతే పిండితో సరిపెట్టుకోవచ్చు అని. ఆ ఎలుకలకి చర్మం పొలుసులు లేచింది, తోకలు కుళ్ళాయి, ఎదుగుదల ఆగి చివరికి చచ్చిపోయాయి. మరుసటి ఏడాదికి లినోలీయిక్ ఆమ్లం పెడితే కోలుకుంటాయని తేల్చారు. ఆ ఆమ్లాన్ని ఎలుకా చేసుకోలేదు, మనమూ చేసుకోలేం, మొక్క చేసి పెట్టాల్సిందే. మన చర్మం పైపొరలో నీళ్ళు బయటికి పోకుండా అడ్డుకట్ట వేసే కొవ్వుల్లో అది ఒక ముఖ్యమైన ముక్క. ఆకుల సంగతీ ఇంతే. ఆకు పైన నిగనిగలాడే క్యూటిన్ పొర కొవ్వు ఆమ్లాల అల్లికే, దానిమీద మైనం పూత. తామరాకు మీద నీటిబొట్టు అని సామెతలు చెప్పుకున్నాం కానీ, ఆ బొట్టుని నిలవనివ్వనిది ఆ మైనపు పూత, దాని గరుకుదనం. ఆ పిల్ల ఇప్పుడు కూరలో రెండు చెంచాలు వేసుకుంటోంది. తిండిలో కాస్తోకూస్తో కొవ్వు బియ్యంలోంచీ పప్పులోంచీ కూడా వస్తుంది, ఆమె తోక కుళ్ళేదేమీ కాదు. అయినా చెప్పాను.

గింజలో నూనె మనకోసం లేదన్న సంగతి ఆ గోడ మీద ఎక్కడా లేదు. అది తల్లి మొక్క బిడ్డకి కట్టిచ్చిన చద్దిమూట. మట్టి కింద, చీకట్లో, ఆకు లేని మొలకకి మొదటి వారం పది రోజులు అదే తిండి. పిండిపదార్థం గ్రాముకి 4 కేలరీలిస్తే కొవ్వు 9 ఇస్తుంది, మూట తేలిగ్గా ఉంటుంది. ఆముదం గింజ బరువులో దాదాపు సగం నూనే. ఇందులో నాకెప్పుడూ ముచ్చటగా అనిపించే విషయం ఒకటుంది. మనం అన్నాన్ని కొవ్వుగా మార్చుకోగలం, ఆ పని నా నడుం దగ్గర నిరాటంకంగా జరుగుతూనే ఉంది. కానీ ఆ కొవ్వు ఆమ్లాల్ని తిరిగి చక్కెర చేసుకోవడం మనవల్ల కాదు, ఆ ఎంజైములు మనకి లేవు. ఆముదం మొలక చేస్తుంది. కోర్న్‌బర్గ్, క్రెబ్స్ 1957లో వివరించిన గ్లయాక్సిలేట్ వలయం అది. పదేళ్ళ తర్వాత, 1967లో, ఆ పని జరిగే చిన్న సంచుల్ని బ్రైడెన్‌బాక్, బీవర్స్ ఆముదం గింజలోంచే వేరు చేసి గ్లయాక్సీజోములు అని పేరు పెట్టారు. ముప్పై ఏళ్ళు ఈ పాఠం చెప్పాను, ఒక్క ఏడాదీ పరీక్షలో సరిగ్గా అడగలేదు.

ఎరుపు వరసలో మొదటి పేరు పామిటిక్. దానితో నాకు సొంత లావాదేవీ ఉంది.

మా మనవరాలు 31వ వారంలో పుట్టింది. ఒకటిన్నర కిలో లేదు. ఇక్కడే ఒక ఆసుపత్రిలో గాజు పెట్టె అవతల నిలబడి చూస్తే, ఊపిరి తీసిన ప్రతిసారీ పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. డాక్టరమ్మ చిన్న సీసా తెప్పించి, గొట్టం గుండా ఊపిరితిత్తుల్లోకి పోసింది. పాలలా ఉంది. గంటలు గడిచేకొద్దీ ఆ పక్కటెముకల కొట్టుకోవడం తగ్గింది. అదేంటని అడిగితే "సర్ఫాక్టెంట్" అంది. ఊపిరితిత్తుల్లో కోట్ల బుడగలుంటాయి. వాటి లోపలి తడి తనంతట తాను ముడుచుకోవాలని చూస్తుంది, తడిసిన ప్లాస్టిక్ కవరు అంటుకుపోయినట్టు. అట్లా అంటుకోకుండా చూసే జిడ్డు అది. ఆ జిడ్డులో ముఖ్యమైన అణువుకి రెండు తోకలు, రెండూ పామిటిక్ ఆమ్లమే. నెలలు నిండని బిడ్డకి ఆ జిడ్డు ఇంకా తయారవదు. దాని కొరతే వీళ్ళ ప్రాణం తీస్తోందని మేరీ ఎలెన్ ఏవరీ 1959లో చూపించింది. బయటినుంచి పోసి బతికించవచ్చని జపానులో ఫుజివారా బృందం 1980లో చూపించింది. ఆవు ఊపిరితిత్తుల నుంచో, పంది ఊపిరితిత్తుల నుంచో తీస్తారట. మా పాపకి పోసింది రెండోది. పంది పేరెత్తితే చెవులు మూసుకునే మా వియ్యపురాలికి ఆ సంగతి ఇప్పటిదాకా చెప్పలేదు.

ఆ పిల్లని ఎత్తుకుని నిలబడి గోడ మీద 'చెడ్డ కొవ్వు: పామిటిక్' అని చదివితే నాకెట్లా ఉంటుంది? అట్లాగని పామాయిల్ గ్లాసులో పోసుకు తాగమనడం లేదు. అందులో పామిటిక్ 44 శాతం దాకా ఉంటుంది, మితం మీరితే రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్ పెరుగుతుంది, నా మందుల డబ్బాయే సాక్ష్యం. కానీ మన కాలేయం అన్నంలోంచి కొవ్వు చేయాలనుకుంటే మొట్టమొదట తయారుచేసేది పామిటిక్‌నే. ఒళ్ళు తనకోసం చేసుకునేదాన్ని పట్టుకుని విషం అని రాయడమేమిటి? ఎంత తిన్నామన్నది రాయాలి, ఎవరు మంచోళ్ళు ఎవరు చెడ్డోళ్ళు అని కాదు. అసలు ఎర్ర సిరాతో రాయాల్సింది ఒకటుంటే అది డాల్డా లాంటి వాటిలో కృత్రిమంగా పుట్టే ట్రాన్స్ కొవ్వు. మన దేశంలో 2022 జనవరి నుంచి దాన్ని 2 శాతానికి మించనివ్వకూడదని నియమం వచ్చింది. ఆ పటంలో దాని ఊసే లేదు!

ఇదంతా నెమ్మదిగానే చెప్పాను. ఆయన విన్నాడు. "మీరు టీచరమ్మా?" అన్నాడు. అంతే.

అవిసె నూనె దగ్గర మాత్రం గొడవే అయింది. పావు లీటరు 290 రూపాయలు. తెల్ల గాజు సీసాల్లో, కొట్టు ముందరి అరలో, మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే చోట వరసగా పెట్టాడు, అందంగా మెరుస్తాయని. ఇంటికొచ్చి మూత తీస్తే కొత్తగా రంగేసిన తలుపు వాసన. వెనక్కి తీసుకెళితే "అవిసె నూనె వాసనే అంత మ్మా" అన్నాడు. కాదు నాయనా. ఇందులో సగానికి పైగా లినోలెనిక్ ఆమ్లం, మూడు జంట బంధాలు. గాలి, వెలుతురు తగిలితే అక్కడక్కడే ఆక్సిజన్ పట్టుకుని గట్టిపడుతుంది. ఆ గుణం కోసమే చిత్రకారులు వందల ఏళ్ళుగా రంగుల్లో కలుపుకున్నారు, వడ్రంగులు వార్నిష్‌లో వాడారు. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి కూడా. నువ్వు నాకు అమ్మింది తిండి కాదు, తలుపుకేసే నూనె. డబ్బులు మాత్రం ఇవ్వలేదు, బదులుగా అర లీటరు కొబ్బరి నూనె చేతిలో పెట్టాడు. నెల తర్వాత పోతే అవిసె నూనె గోధుమరంగు సీసాల్లో, ఫ్రిజ్‌లో కనిపించింది. నాకు చెప్పలేదు, నేనూ చూసినట్టు చెప్పలేదు. పటంలో 'అవిసె = చేపనూనె' అన్న మాట మాత్రం అట్లాగే ఉంది. మెదడుకీ కంటి రెటీనాకీ కావలసిన డీహెచ్ఏ అనే కొవ్వు ఆమ్లం చేపలో తయారుగా ఉంటుంది. చేప కూడా దాన్ని ఎక్కువగా నాచు నుంచే తెచ్చుకుంటుంది. అవిసెలోని ఆమ్లాన్ని మన ఒళ్ళు డీహెచ్ఏగా మార్చేది చాలా కొంచెం.

కొట్టు మెట్ల పక్కనే ఒకామె పూలమ్ముతుంది. ఆ రోజు గొడవపడి బయటికొచ్చి, రెండు మూరలు జాజులు కొనుక్కుంటుంటే నవ్వొచ్చింది. లోపల సీసాలో కుళ్ళింది, ఇక్కడ బుట్టలో గుమగుమలాడేది, రెండింటికీ చుట్టరికం ఉంది. 1962లో జాజి నూనెలోంచి మీథైల్ జాస్మొనేట్ అనే సువాసన పదార్థాన్ని విడదీశారు. మొక్క దాన్ని లినోలెనిక్ ఆమ్లంలోంచే చేస్తుంది. సువాసనకే అనుకున్నారు మొదట్లో. తర్వాత తెలిసింది, పురుగు ఆకు కొరికినప్పుడు మొక్క తన కణాల పొరల్లోంచి లినోలెనిక్‌ని తెంపి, జాస్మొనేట్‌గా మార్చి ఒళ్ళంతా కబురు పంపుతుందని. ఆ కబురు అందగానే ఆకులు పురుగు కడుపులో తిండి అరగకుండా చేసే ప్రొటీన్లు తయారుచేస్తాయి. ఫార్మర్, రయాన్ అనేవాళ్ళు 1990లో టమాటా మొక్కని, మన మాచిపత్రికి చుట్టమైన ఒక అడవి మొక్కని ఒకే గాజుపాత్రలో మూసి ఉంచితే, ఆ మొక్క వదిలిన జాస్మొనేట్ గాలిలో తగిలి, పురుగే ముట్టని టమాటా కూడా ఆయుధాలు సిద్ధం చేసుకుంది. పచ్చగడ్డి కోసినప్పుడు వచ్చే వాసన కూడా తెగిన లినోలెనిక్‌ పుణ్యమే.

నా మోకాలు కూడా ఇదే బాపతు. మెట్లెక్కితే కీలులో వాపు. అక్కడ కణాల పొరల్లోంచి తెగి వచ్చేది, గోడ మీద తప్పుగా రాసిన ఆ అరాకిడోనిక్ ఆమ్లం. దాన్నుంచి ప్రోస్టాగ్లాండిన్లు అనే కబురు మోసే పదార్థాలు, వాటినుంచి నొప్పి, వాపు, జ్వరం. ఆస్పిరిన్ చేసేది ఆ తయారీని ఆపడమేనని జాన్ వేన్ 1971లో చెప్పాడు, 1982లో బెర్గ్‌స్ట్రోమ్, సామ్యుయెల్‌సన్‌లతో కలిసి నోబెల్ తీసుకున్నాడు. దెబ్బ తగిలితే మొక్కైనా మనిషైనా ముందు తన పొరలోని కొవ్వునే తెంపి కేకవేస్తుంది. ఇది పాఠంగా చెప్పినన్నాళ్ళూ నాకు మోకాలి నొప్పి లేదు.

ఆముదం ఇక్కడ తలకి రాసుకునేదే అమ్ముతారు, తాగేది కాదు, మంచి పని. మా అవ్వ ఆదివారం ఒంటికి పట్టించేది, ఆర్నెల్లకోసారి ముక్కు మూసి తాగించేది. అందులో దాదాపు తొంభై శాతం రిసినోలీయిక్ ఆమ్లం. అది పేగులో, గర్భాశయంలో ప్రోస్టాగ్లాండిన్ కోసం ఉన్న తాళంకప్పలోనే దూరి తలుపు తీస్తుందని 2012లో తేలింది. తలుపు ఎంత గట్టిగా తీస్తుందో అవ్వ మనవలందరికీ తెలుసు.

డిసెంబరులో కొబ్బరి నూనె గురించి అక్కడ నా ఎదురుగా ఒక తగువు జరిగింది. చెన్నై నుంచి కొత్తగా వచ్చినామె, తెలుగావిడే, సీసా తెచ్చి బల్ల మీద కొట్టింది: "మైనం కలిపారు, చూడండి, గడ్డకట్టింది. మా ఊళ్ళో ఎప్పుడైనా ఇట్లా అయిందా?" పాపం కొట్టాయన నోరు పెగల్లేదు. నేనే కలగజేసుకున్నాను. కొబ్బరి నూనెలో సగం దాకా లారిక్ ఆమ్లం, 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మీ ఊళ్ళో పేరుకునేంత చలి అరుదు, ఇక్కడ డిసెంబరు పొద్దున 16 డిగ్రీలు. గడ్డకట్టకపోతేనే అనుమానించండమ్మా అన్నాను. వెచ్చటి సముద్రపు ఒడ్డున పెరిగే చెట్టు బిడ్డకి గట్టి కొవ్వు కట్టిచ్చినా పరవాలేదు, చల్లటి నేలలో మొలిచే అవిసెకి అట్లా కుదరదు, మూట గడ్డకడితే మొలక తినలేదు. ఆమె సీసా తీసుకుని వెళ్ళిపోయింది, నమ్మిందో లేదో.

ఇది మీ వంటింట్లోనే చూడొచ్చు. రాత్రి మిగిలిన మటన్ పులుసు మీద పొద్దుటికి తెల్లటి తెట్టె కడుతుంది. ఐసులో పెట్టిన చేప కొవ్వు మాత్రం జారుతూనే ఉంటుంది. చల్లటి నీళ్ళలో ఈదే చేప కణాల పొరలు బిగుసుకుపోతే అది బతకదు, అందుకని వంకర తిరిగిన, జంట బంధాలున్న ఆమ్లాలు నింపుకుంటుంది. మేక తినేదీ లినోలెనిక్ నిండిన పచ్చగడ్డే, కానీ దాని పెద్ద కడుపులోని సూక్ష్మజీవులు ఆ జంట బంధాల్ని హైడ్రోజన్‌తో నింపేసి స్టియరిక్ చేసేస్తాయి. ఆకుపచ్చ వరసలోది లోపలికి పోయి ఎర్ర వరసలోదై బయటికొస్తుందన్నమాట. నెయ్యి కూడా అమ్ముతున్నారు, నేను కొనలేదు.

నువ్వుల నూనె గురించి ఒక్క మాట. ఆడేటప్పుడు కాస్త బెల్లం వేస్తారు, తమిళులు తాటిబెల్లం వేస్తారట. వేస్తేనే చెక్క విడిపోయి నూనె వదులుతుందంటాడు. బాగుంది, ఆర్నెల్లున్నా కంపు కొట్టలేదు. అందులో సహజంగానే ఉండే సెసమాల్ లాంటివి నూనె చెడకుండా కాపాడతాయి. ఆవకాయకి నువ్వుల నూనే వాడాలని మా అల్లుడు, శెనగనూనే అని నేను. ఈ ఏడాది రెండు జాడీలు పెట్టాం.

మొన్న పోయినప్పుడు చూస్తే పటం అక్కడే ఉంది, కానీ ఎర్ర వరస మీద తెలుగు పంచాంగం క్యాలెండరు వేలాడుతోంది. మేకు కొత్తగా కొట్టినట్టుంది. ఆకుపచ్చ వరస, ఏడుస్తున్న గుండె బొమ్మలో సగం, కొలెస్ట్రాల్ సున్నా మాత్రం కనిపిస్తూనే ఉన్నాయి. నేను ఏమీ అడగలేదు. ఆయనే "గాలికి ఆ పక్కకి పోతాది మ్మా క్యాలెండరు, మళ్ళా సర్దతా ఉంటా" అన్నాడు.

వెళ్ళేవాళ్ళు స్టీలు క్యాను తీసుకెళ్ళండి, ప్లాస్టిక్ డబ్బాకి 20 రూపాయలు వేరే. మంగళవారం సెలవు. ఫోన్‌పే ఉంది, సిగ్నల్ ఉండదు. తెలగపిండి ఆదివారం నువ్వులు ఆడినప్పుడే దొరుకుతుంది, బాలింత ఉన్న ఇళ్ళవాళ్ళు ముందురోజే చెప్పి పెట్టుకుంటారు కాబట్టి తొమ్మిదిలోపు పోకపోతే ఖాళీ చేతుల్తో రావాల్సిందే.